సొమ్మొకరిది, నెత్తురొకరిది

1986 జూన్ 25న అమెరికా ప్రతినిధుల సభ ఒక పద్దు మీద ఓటేసింది. అనుకూలంగా 221 మంది, వ్యతిరేకంగా 209 మంది. పద్దు విలువ 10 కోట్ల డాలర్లు. అందులో 7 కోట్లు సైనిక సాయం. నికరాగువా అనే పేద దేశంలో ప్రభుత్వం మీద యుద్ధం చేస్తున్న కాంట్రా సాయుధులకు ఆ సొమ్ము. సరిగ్గా రెండు రోజులకు, జూన్ 27న, హేగ్ నగరంలోని అంతర్జాతీయ న్యాయస్థానం అదే పనిని చట్టవిరుద్ధమని తేల్చింది. కాంట్రాలకు శిక్షణ, ఆయుధాలు, డబ్బు సమకూర్చి అమెరికా మరో దేశపు సొంత వ్యవహారాల్లో తల దూర్చిందని, అంతర్జాతీయ న్యాయాన్ని ఉల్లంఘించిందని 12 మంది న్యాయమూర్తులు చెప్పారు. ముగ్గురు ఒప్పుకోలేదు. ఆ ముగ్గురిలో ఒకరు అమెరికన్. ఆనాడు ఆ న్యాయస్థానానికి అధ్యక్షుడు మన దేశస్థుడు జస్టిస్ నాగేంద్రసింగ్.

ఒక దేశపు చట్టసభ పచ్చజెండా ఊపిన పనిని ప్రపంచ న్యాయస్థానం తప్పని చెప్పింది. మరి ఎవరి మాట చెల్లింది? డబ్బు మాటే చెల్లింది. ఈ కథ ఎక్కడో మధ్య అమెరికాలో జరిగింది, మనకెందుకులే అనుకోవద్దు. ప్రజల పేరు చెప్పి ప్రజల మీద యుద్ధం ఎట్లా నడుపుతారో, న్యాయమైన అసంతృప్తిని పరాయి సర్కారు ఎట్లా కొనేస్తదో, అందరూ చేతులు దులుపుకున్నంక మిగిలేదెవరో తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. ఎందుకంటే కుట్ర పత్రాలతో సహా బయటపడ్డ కేసు ఇది.

నికరాగువాకు అమెరికా సైన్యం కొత్త కాదు. 1912 నుంచి 1933 దాకా, మధ్యలో కొద్ది నెలలు తప్ప, అమెరికన్ మెరైన్లు ఆ గడ్డ మీద తిష్ట వేశారు. వాళ్లకు ఎదురుతిరిగి కొండల్లో పోరాడిన నాయకుడు ఆగస్టో సాండినో. మెరైన్లు పోతూ పోతూ నేషనల్ గార్డ్ అనే దళాన్ని తయారుచేసి పోయారు. రాజీ చర్చలకని రాజధానికొచ్చిన సాండినోను 1934 ఫిబ్రవరి 21 రాత్రి, అధ్యక్షుడి ఇంట్లో భోజనం చేసి బయటికొస్తుంటే, ఆ గార్డే పట్టుకుపోయి కాల్చి చంపింది. ఆ దళానికి అధిపతి అనస్తాసియో సొమోజా. ఆ తర్వాత దేశం ఆ కుటుంబానికి జాగీరైంది. తండ్రి, ఇద్దరు కొడుకులు కలిసి నాలుగు దశాబ్దాలకు పైగా దొరతనం చేశారు. 1972 డిసెంబరులో భూకంపం వచ్చి మనాగువా నగరం నేలమట్టమైతే, లోకం పంపిన సాయాన్ని కూడా మింగిన ఘనత ఆ కుటుంబానిది.

1979 జులై 19న సాండినిస్టాలు రాజధానిలో అడుగుపెట్టారు. మరుసటి ఏడాదే అక్షరాస్యత ఉద్యమం మొదలుపెట్టారు. దాదాపు 60 వేల మంది యువతీ యువకులు, ఎక్కువ మంది విద్యార్థులు, ఐదు నెలలపాటు పల్లెలకు పోయి రైతుల ఇళ్లల్లో ఉండి పలక పట్టించారు. దేశంలో సగం మందికి చదువు రాని పరిస్థితి నుంచి 13 శాతానికి దిగిందని అప్పటి ప్రభుత్వ లెక్క. లెక్క మీద వాదులాడేవాళ్లు ఉండొచ్చు. ఆ కృషికి యునెస్కో బహుమతి ఇచ్చిన మాట మాత్రం నిజం. జనాభా దాదాపు 30 లక్షలున్న దేశం అది. అంత చిన్న దేశాన్ని చూసి ప్రపంచంలోనే పెద్ద సైన్యాలున్న దేశాల్లో ఒకటైన అమెరికా ఉలిక్కిపడింది.

1981లో రొనాల్డ్ రీగన్ గద్దెనెక్కిండు. ఆ ఏడాది చివర్లో 500 మందితో ఒక రహస్య దళం తయారుచేయడానికి దాదాపు కోటీ 90 లక్షల డాలర్ల పథకానికి ఆమోదముద్ర వేసిండు. పైకి చెప్పిన కారణం పొరుగున ఉన్న ఎల్ సాల్వడార్ తిరుగుబాటుదారులకు నికరాగువా నుంచి ఆయుధాలు పోతున్నాయని, వాటిని అడ్డుకోవాలని. ఆయుధాలు అడ్డుకునే దళమైతే సరిహద్దు దారుల్లో కాపు కాయాలి. కానీ 1982 మార్చిలో ఆ దళం చేసిన మొదటి పెద్ద పని దేశంలోపలి రెండు వంతెనల పేల్చివేత. ఆ తర్వాత వాళ్ల దెబ్బ పడ్డది ఎక్కువగా సహకార వ్యవసాయ క్షేత్రాల మీద, ధాన్యం గోదాముల మీద, పల్లె దవాఖానల మీద, బడుల మీద, కాఫీ గింజలు ఏరే కూలీల మీద. బడిపంతుళ్లను, ఆరోగ్య కార్యకర్తలను వెతికి చంపారు. ఆయుధాల సాకు ఎంత బలమైనదో హేగ్ తీర్పు కూడా తేల్చి చెప్పింది. 1981 తొలినాళ్ల దాకా కొంత ఆయుధ రవాణా జరిగినా అది సాయుధ దాడి కాదు, ఆత్మరక్షణ వాదన నిలవదు అన్నది.

ఈ దళంలో ఎవరున్నారు? మొదట చేరినవాళ్లు సొమోజా నేషనల్ గార్డ్‌లో పనిచేసి పారిపోయినవాళ్లు. సైనిక కమాండర్ ఎన్రికే బెర్మూడెజ్ ఆ గార్డ్‌లో కల్నల్. తొలి శిక్షణ ఇచ్చింది అర్జెంటీనా సైనిక నియంతల మనుషులు. స్థావరాలు హోండురాస్‌లో. డబ్బు, పెత్తనం వాషింగ్టన్‌ది. రీగన్ వీళ్లను తమ దేశ నిర్మాతలతో నైతికంగా సమానులని 1985లో పొగిడిండు. దొంగకు పట్టాభిషేకం చేయడమంటే ఇదే.

అయితే ఇక్కడ ఒక నిజాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. కొద్ది కాలంలోనే కాంట్రా దళాల్లో మామూలు రైతు బిడ్డలు వేల సంఖ్యలో చేరారు. ధాన్యం ధరల మీద సర్కారు పెత్తనం, బలవంతపు సైనిక సేవ, ఊరికి తెలియని పట్నపు కార్యకర్తల దర్పం కొండ ప్రాంతాల రైతులను దూరం చేశాయి. తూర్పు తీరాన మిస్కీటో ఆదివాసుల విషయంలో సాండినిస్టాలు చేసింది తప్పు. 1982లో సరిహద్దు నది ఒడ్డున ఉన్న ఊళ్లను ఖాళీ చేయించి, దాదాపు 8,500 మందిని లోపలికి తరలించారు. తాతల నాటి నేలను తగలబెట్టి కదలమంటే ఎవరు ఊకుంటారు? ఆ తప్పును వాళ్లే గుర్తించి 1987లో తీర ప్రాంతానికి స్వయంప్రతిపత్తి చట్టం చేశారు. కానీ అప్పటికే ఆ కోపాన్ని పరాయి ఏజెన్సీ తూకం వేసి కొనుక్కున్నది. అసంతృప్తి నికరాగువాదే. దాన్ని ఏ దిక్కుకు తిప్పాలో నిర్ణయించింది మాత్రం నికరాగువా ప్రజలు కాదు.

అదెట్లాగో కాంట్రా నాయకుడే చెప్పిండు. ఎడ్గార్ చమోరో అనే ఆయన కాంట్రాల రాజకీయ నాయకత్వంలో ఉండి, ప్రచార బాధ్యతలు చూసిండు. తర్వాత తప్పుకుని హేగ్ న్యాయస్థానానికి ప్రమాణపత్రం ఇచ్చిండు. 1984 జనవరి 5న తెల్లవారుజామున 2 గంటలకు సీఐఏ అధికారి తనను నిద్రలేపి చక్కటి స్పానిష్‌లో రాసి ఉన్న ఒక ప్రకటన చేతిలో పెట్టిండని అందులో రాసిండు. నికరాగువా ఓడరేవుల్లో మందుపాతరలు పెట్టింది మేమే అని కాంట్రాలు గొప్పగా చెప్పుకునే ప్రకటన అది. ఆ పాతరల సంగతి అప్పటిదాకా ఆయనకే తెలియదు! వాటిని పెట్టింది సీఐఏ పురమాయించిన మనుషులు. కొరింతో, ప్యూర్తో సాండినో, ఎల్ బ్లఫ్ రేవుల్లో పలు దేశాల ఓడలు దెబ్బతిన్నాయి. అంతకు ముందు 1983 అక్టోబరులో కొరింతో చమురు ట్యాంకులను తగలబెడితే ఊరు ఊరంతా ఇళ్లు వదిలి పరుగెత్తాల్సి వచ్చింది. అదీ కాంట్రాల ఖాతాలోనే పడ్డది. చేసిన పనికి పేరు పెట్టుకునే హక్కు కూడా లేని సైన్యాన్ని విముక్తి సైన్యమని ఏ నోటితో అంటాం?

సీఐఏ రెండు పుస్తకాలు కూడా అచ్చేసింది. ఒకటి బొమ్మల పుస్తకం. ఉద్యోగానికి ఆలస్యంగా పోండి, జబ్బు చేసిందని సెలవు పెట్టండి, లైట్లు ఆర్పకండి, నల్లాలు కట్టేయకండి, మరుగుదొడ్లకు అడ్డం పెట్టండి, టైర్లకు మేకులు గుచ్చండి, టెలిఫోన్ తీగలు కోయండి అని బొమ్మలేసి నేర్పింది. నవ్వొస్తది. కానీ నల్లా కట్టేయకపోతే నీళ్లు పోయేది మంత్రి ఇంట్లో కాదు. రెండో పుస్తకంలో నవ్వులేదు. జడ్జీలను, అధికారులను ఏరి 'నిర్వీర్యం' చేయమన్నది. కొన్ని పనులకు వృత్తి నేరగాళ్లను కిరాయికి తెచ్చుకోమన్నది. నిరసన గుంపులను కాల్పుల దాకా తోసి, ఉద్యమానికో అమరుడిని తయారుచేసుకోమన్నది. విద్యార్థి మిత్రులు ఈ ఒక్క మాట దగ్గర ఆగి ఆలోచించాలి. ఉద్యమంలో ప్రాణం పోవడం వేరు. ఎక్కడో కార్యాలయంలో కూచున్నవాడు ఒక పిల్లగాడి శవాన్ని ముందే ప్రణాళికలో రాసుకోవడం వేరు. 1984లో ఈ పుస్తకం బయటపడ్డప్పుడు అమెరికాలోనే గగ్గోలు పుట్టింది. మానవతా సూత్రాలకు విరుద్ధమైన చేష్టలను ఆ పుస్తకం ప్రోత్సహించిందని హేగ్ న్యాయస్థానం కూడా తప్పుబట్టింది.

ఇక ఇంటి సంగతి. పరాయి దేశంలో కుట్ర నడపాలంటే ముందుగా సొంత ప్రజలకు అబద్ధం చెప్పాలి. నికరాగువా ప్రభుత్వాన్ని కూలదోయడానికి నిధులు వాడకూడదని 1982లోనే ప్రతినిధుల సభ 411-0 ఓట్లతో బోలాండ్ సవరణ చేసింది. 1984 అక్టోబరు నాటికి సాయాన్ని పూర్తిగా ఆపేసింది. సర్కారు ఏం చేసింది? దొడ్డిదారి వెతుక్కున్నది. సౌదీ అరేబియా దగ్గర 3 కోట్ల 20 లక్షల డాలర్లు తీసుకున్నది. బ్రూనై సుల్తాన్ కోటి డాలర్లు ఇస్తే, స్విస్ ఖాతా నంబర్లో అంకెలు తారుమారై ఎవరో వ్యాపారి ఖాతాలో పడ్డాయి. చివరికి, తామే ఉగ్రవాద ప్రోత్సాహక దేశమని జాబితాలో పెట్టిన ఇరాన్‌కు చాటుగా క్షిపణులు అమ్మి, ఆ లాభంలో కొంత కాంట్రాలకు మళ్లించారు. వైట్‌హౌస్‌లో ఈ దందా నడిపినవాడు ఆలివర్ నార్త్ అనే సైనికాధికారి.

1986 అక్టోబరు 5న ఆయుధాలు మోసుకుపోతున్న విమానాన్ని నికరాగువా సైనికులు కూల్చేశారు. అందులోంచి పారాచూట్‌తో దూకిన అమెరికన్ యూజీన్ హాసెన్‌ఫస్ ప్రాణాలతో దొరికిండు. ఆ నెల దాటగానే ఇరాన్ ముచ్చట కూడా బయటికొచ్చింది. నవంబరు 25న అటార్నీ జనరల్ స్వయంగా నిధుల మళ్లింపును ఒప్పుకోవాల్సి వచ్చింది. పార్లమెంటు విచారణలు జరిగాయి, కేసులు నడిచాయి. నార్త్ మీద, భద్రతా సలహాదారు పాయిండెక్స్‌టర్ మీద పడ్డ శిక్షలను పై కోర్టులు కొట్టేశాయి. 1992 డిసెంబరు 24న, పండుగ ముందురోజు, అధ్యక్షుడు జార్జి బుష్ ఆరుగురికి క్షమాభిక్ష పెట్టిండు. అందులో మాజీ రక్షణమంత్రి వైన్‌బర్గర్ ఉన్నడు. ఆయన మీద విచారణ ఇంకా మొదలే కాలేదు. సెనేట్ ఉపసంఘం 1989లో ఇచ్చిన నివేదిక ఇంకో సంగతి చెప్పింది. కాంట్రాలకు సరుకులు చేరవేసేందుకు మాదకద్రవ్యాల వ్యాపారుల కంపెనీలకు ఆ దేశ విదేశాంగశాఖ 8 లక్షల డాలర్లకు పైగా చెల్లించింది. ఇంట్లో మత్తుమందు మీద యుద్ధం అని బోర్డు పెట్టి, పెరట్లో అదే బేరగాళ్లకు బిల్లులు కట్టడం!

హేగ్ తీర్పు ఏమైంది? ఆ న్యాయస్థానం తీర్పులు అమలుచేయించాల్సింది భద్రతామండలి. 1986 అక్టోబరు 28న అక్కడ 11 దేశాలు తీర్పు అమలుకు ఓటేస్తే అమెరికా వీటో చేసింది. సర్వప్రతినిధి సభలో 94 దేశాలు నికరాగువా పక్షాన నిలబడ్డాయి. వ్యతిరేకంగా నిలబడ్డవి మూడే మూడు. అయినా దమ్మిడీ నష్టపరిహారం రాలేదు. ముద్దాయి చేతిలోనే కోర్టు తాళంచెవి ఉంటే న్యాయం ఎట్లా బయటికొస్తది? 1990లో ఎన్నికలు గెలిచి వచ్చిన వియోలేటా చమోరో ప్రభుత్వం మరుసటి ఏడాది ఆ కేసును కూడా వెనక్కి తీసుకున్నది.

ఆ ఎన్నికల ఫలితాన్ని చూసి కుట్ర పారింది కదా అనేవాళ్లున్నారు. పారింది. దేశ బడ్జెట్‌లో దాదాపు సగం యుద్ధానికే పోయింది. 1985 నుంచి వాణిజ్య దిగ్బంధం. 1988లో ద్రవ్యోల్బణం 30 వేల శాతం దాటింది. జీతం తీసుకున్న ఉద్యోగి బజారుకు చేరేలోపే నోటు విలువ కరిగిపోయేది. దాదాపు 30 వేల మంది చచ్చిపోయారు. కొడుకులను యుద్ధానికి పంపి అలసిపోయిన తల్లులు యుద్ధం ఆగితే చాలని ఓటేశారు. తుపాకీ కణతకు ఆనించి అడిగిన ఓటును ప్రజాస్వామ్యం గెలుపు అనడం మోసం. చనిపోయినవాళ్లలో బెన్ లిండర్ అనే అమెరికన్ ఇంజనీరు కూడా ఉన్నడు. కొండ పల్లెకు చిన్న జలవిద్యుత్ కేంద్రం కట్టే పనిలో ఉండగా 1987 ఏప్రిల్ 28న కాంట్రాలు చంపేశారు. ఒకే దేశపు పన్ను సొమ్ము తుపాకీ కొన్నది. ఆ దేశపు బిడ్డనే ఆ తుపాకీ చంపింది.

మరి కాంట్రాలు ఏం బావుకున్నారు? ఏరు దాటేదాక ఓడ మల్లన్న, ఏరు దాటినంక బోడి మల్లన్న. 1990లో ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణలో 20 వేల మందికి పైగా ఆయుధాలు అప్పగించారు. ఇస్తామన్న భూములు, విత్తనాలు, ఇళ్లు చాలామందికి అందలేదు. కమాండర్ బెర్మూడెజ్‌ను 1991 ఫిబ్రవరిలో మనాగువాలో ఎవరో కాల్చి చంపారు. అప్పటికి వాషింగ్టన్ చూపు వేరే యుద్ధాల మీదికి మళ్లింది. పూట గడవని మాజీ కాంట్రాలు మళ్లీ తుపాకులు పట్టారు. ఉద్యోగం పోయిన సాండినిస్టా సైనికులు కూడా తుపాకులు పట్టారు. కొన్నిచోట్ల ఈ రెండు తెగలు ఒక్కటై భూమి కోసం రోడ్లు దిగ్బంధించాయి! పదేళ్లు ఒకరినొకరు చంపుకున్నవాళ్లకు చివరికి అర్థమైంది, ఇద్దరి ఆకలీ ఒక్కటేనని. ఆ ఎరుక పదేళ్ల ముందే రాకుండా అడ్డుకున్నది ఆ 10 కోట్ల పద్దులే.

ఇది ఒక్క అమెరికా జబ్బు కాదు. మన ఢిల్లీకీ ఈ మరక ఉన్నది. 1983 తర్వాత శ్రీలంక తమిళ సాయుధ సంస్థలకు మన గడ్డ మీద శిక్షణ ఇచ్చింది మన ప్రభుత్వ సంస్థలే. అక్కడి తమిళుల బాధ నిజం, 1983 జులై మారణకాండ నిజం. కానీ ఢిల్లీ ఆ బాధను పొరుగు దేశాన్ని దారికి తెచ్చే ముల్లుకర్రగా వాడుకున్నది. 1987లో శాంతిసేన పేరిట పోయిన మన సైన్యం అదే పులులతో తలపడి వెయ్యి మందికి పైగా జవాన్లను పోగొట్టుకున్నది. 1991 మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్‌గాంధీ హత్య జరిగింది. తమిళ ప్రజలకు మాత్రం హక్కులు రాలేదు. పెంచిన చేతిని కాటేయడం పాము తప్పు అని చెప్పి తప్పించుకోలేం. బుట్టలో పెట్టి పాలు పోసిందెవరన్న ప్రశ్న మిగిలే ఉంటది.

ఇంకో ముఖ్యమైన మాట. పరాయి సర్కారు కుట్ర చేసిన దేశంలో ఆ కుట్ర జ్ఞాపకం కూడా ఒక ఆయుధమైతది. ఆనాడు సాండినిస్టా ప్రభుత్వాన్ని నడిపిన డేనియల్ ఒర్తేగా 2007లో మళ్లీ గద్దెనెక్కి ఇప్పటిదాకా దిగలేదు. 2018లో సామాజిక భద్రత కోతల మీద మొదలైన నిరసనల్లో విద్యార్థులు వీధుల్లోకొస్తే, అణచివేతలో 300 మందికి పైగా చనిపోయారు. వాళ్లందరినీ ఆయన సర్కారు అమెరికా సొమ్ముతో కుట్ర చేసినవాళ్లని ముద్ర వేసింది. 2020లో విదేశీ ఏజెంట్ల చట్టం చేసింది. సొమోజా మీద పోరాడిన గెరిల్లా నాయకురాలు డోరా మారియా తెయ్యెజ్‌ను సైతం జైల్లో పెట్టింది. 2023 ఫిబ్రవరిలో ఆమెతో కలిపి 222 మంది ఖైదీలను దేశం నుంచి వెళ్లగొట్టి పౌరసత్వం తీసేసింది. ఆ ఏడాదే జెస్యూట్ల విశ్వవిద్యాలయాన్ని స్వాధీనం చేసుకున్నది. ఇప్పుడు భార్యాభర్తలిద్దరూ రాజ్యాంగం సవరించుకుని సహ అధ్యక్షులు. నిన్నటి నిజమైన కుట్రను చూపించి ఇవాళ్టి నిజమైన నిరసనను నొక్కేయడం ఎంత సులువో చూడండి. కాంట్రా యుద్ధం చేసిన చివరి ద్రోహం ఇదే. సొంత కాళ్ల మీద నిలబడి అడిగే మనిషిని కూడా అనుమానించే సాకును అది నియంతకు అందించింది.

పాలకులకు ఇది పాత అలవాటు. ఎవరు హక్కులడిగినా, ఎవరు జీతమడిగినా, ఎవరు నేల అడిగినా, వీళ్ల వెనక ఎవరో ఉన్నారంటరు. దానికి జవాబు గొంతు పెంచడం కాదు. మూడు ప్రశ్నలకు బహిరంగంగా జవాబు చెప్పగలగడం. మన పైసలు ఎక్కడినుంచి వస్తున్నాయి? రేపటి కార్యక్రమం ఎవరు నిర్ణయిస్తున్నారు? తప్పు జరిగితే, ప్రాణం పోతే ఎవరు జనం ముందు నిలబడి జవాబుదారీ వహిస్తారు? చందా రసీదు పుస్తకం, ఊరి సభలో చేసిన తీర్మానం, పేరూ మొఖం ఉన్న నాయకత్వం, ఈ మూడూ ఉన్న ఉద్యమాన్ని ఎవరూ కిరాయి ఉద్యమం అనలేరు. ఈ మూడింటిలో ఒక్కదానికి కూడా కాంట్రాల దగ్గర జవాబు లేకుండె. సంఘీభావానికి, ప్రాయోజకత్వానికి మధ్య గీత ఇక్కడే ఉన్నది. వియత్నాం కోసం ఊరేగింపు తీసినవాడు ఆ యుద్ధాన్ని నడపలేదు. నికరాగువాకు పోయి పల్లెకు కరెంటు తేవాలనుకున్నవాడు ఎవరినీ చంపమనలేదు. చెక్కు రాసి, లక్ష్యం గీసి, తెల్లవారుజామున ప్రకటన చేతిలో పెట్టి, శవాలు లేచినప్పుడు మాకేం సంబంధం అన్నవాడే కుట్రదారుడు.

అందుకే రెండు పక్కలా మెలకువ ఉండాలె. ఏ ప్రభుత్వమైనా, మనదైనా సరే, పొరుగు దేశంలో రహస్యంగా నిప్పు పెడుతుంటే దేశభక్తి పేరు మీద చప్పట్లు కొట్టొద్దు. లెక్క చెప్పమని అడగాలె. అమెరికాలో 10 కోట్ల పద్దుకు వ్యతిరేకంగా ఓటేసిన 209 మంది దేశద్రోహులు కారు. ఆ దేశపు పరువు అంతో ఇంతో కాపాడింది వాళ్లే. అట్లాగే న్యాయం కోసం కదిలిన జనాన్ని పరాయి కీలుబొమ్మలని ఏ పాలకుడన్నా ముద్ర వేస్తే రుజువు అడగాలె. హేగ్‌లో నికరాగువా ఆరోపణతో సరిపెట్టుకోలేదు, సాక్ష్యాలతో నిరూపించింది. ఆరోపణకూ రుజువుకూ ఉన్న ఆ తేడాను జనం పట్టుకుంటే, రహస్య యుద్ధాలు నడిపేవాళ్లకూ, జనాన్ని కుట్రదారులనే పాలకులకూ ఒక్కసారే ఊపిరాడదు.